చేపలు సున్నితం

"పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, కుళాయిల ద్వారా సరఫరా చేయబడుతున్న నీరు త్రాగుటకు అన్ని విధాలా యోగ్యము. రంగు, వాసన, రుచి మున్నగు వాటి గురించి ఆందోళన చెందనవసరం లేదు. అవి నీటికి సహజ గుణములు."

ఈ ప్రకటన రాసింది నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల విభాగం సూపరింటెండెంటు గారు. రాసి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి దాన్ని మార్చవలసిన అవసరం రాలేదు. నీళ్ళు మారలేదు, ప్రజలూ మారలేదు. మధ్యలో ఒకసారి "రంగు" తరవాత కామా పడలేదని పై అధికారులు ఆక్షేపణ తెలిపితే, ఆ సాయంత్రానికల్లా కామా పెట్టించారు. ప్రజాసమస్యల మీద ఆ కార్యాలయం ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పడానికి ఈ ఒక్కటీ చాలు.

సూపరింటెండెంటు గారు మంచివారు. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినవాళ్ళకి కుర్చీ చూపిస్తారు. వాళ్ళు సీసాలో పట్టి తెచ్చిన నీళ్ళని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తారు. పలచటి టీ రంగులో ఉంటే "లేత బంగారు వర్ణం" అనీ, చిక్కటి టీ రంగులో ఉంటే "ఖనిజ సమృద్ధం" అనీ నమోదు చేస్తారు. ఒకాయన తెచ్చిన సీసాలో ఏదో కదిలింది. "జీవకళ గలదు" అని రాశారు.

ఇంత ప్రశాంతంగా ఉద్యోగం చేసుకునే మనిషికి రక్తపోటు ఎందుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. అక్కడ ముందుగదిలో ఒక చేపల తొట్టి ఉంది. చేపలు ప్లాస్టిక్‌వి, మోటారు తిరిగినంతసేపూ అవీ తిరుగుతాయి. తన వంతు వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్న సూపరింటెండెంటు గారికి, లోపలికి వెళ్ళేసరికి రక్తపోటు సగం దిగిపోయింది. డాక్టరు గారు మందు రాయబోయి కలం ఆపారు.

"ఇంట్లో చేపల్ని పెంచండి. రోజూ కాసేపు చూస్తూ కూర్చోండి," అన్నారు. ఫీజు మాత్రం మందు రాసినట్టే తీసుకున్నారు.

చేపల దుకాణం యజమాని ఆయన్ని ఎగాదిగా చూసి, చేపలు చూపించడానికి ఒప్పుకోలేదు.

"అందరూ తొట్టి అంటే చేపలనుకుంటారు సార్. కాదు. తొట్టి అంటే మొక్కలు. నీళ్ళకింద అడవి. చేపలు చుట్టాల్లాంటివి, వస్తాయి పోతాయి," అన్నాడు.

ఉద్యోగంలో కాగితాలు తప్ప పచ్చటిదేదీ చూడని సూపరింటెండెంటు గారికి ఆ మాట బాగా నచ్చింది. గాజు తొట్టి, కింద పరవడానికి సారవంతమైన నల్లమట్టి, రాళ్ళు, ఒక ఎండు మోడు, దీపం, ఫిల్టరు, మొక్కలకి ఊపిరాడటానికి బొగ్గుపులుసు వాయువు సిలిండరు, అన్నీ ఆటోలో ఇంటికి దిగాయి. చేప ఒక్కటీ దిగలేదు.

ఇంట్లో ఉండేది ఆయన కాక ఇద్దరు. భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు ఏం మాట్లాడబోయినా "లైన్లో ఉండండి" అనడం ఆవిడకి ఇంకా పోలేదు. హాల్లో తొట్టి పట్టే గోడ ఒక్కటే ఉంది. అక్కడున్న టీవీని వంటింట్లో ఫ్రిజ్ మీదికి చేర్చారు. అప్పటినుంచి అత్తగారు వార్తల్ని మెడ పైకెత్తి, భక్తిగా చూడవలసి వచ్చింది.

ఎండు మోడుని రంగు దిగేదాకా ఉడకబెట్టాలని దుకాణదారు చెప్పాడు. అది పట్టే గిన్నె ఇంట్లో ఒక్కటే. ఆ శని, ఆదివారాలు పొయ్యి మీద మోడు ఉడికింది. ఇంటిల్లిపాదీ రొట్టె తిన్నారు. ఆయన మధ్యమధ్య మూత తీసి ఫోర్కుతో గుచ్చి చూస్తూంటే, "ఉప్పు సరిపోయిందాండీ?" అని భార్య అడిగింది.

రాళ్ళు పేర్చడానికి ఆయన ప్రత్యేకంగా సెలవు పెట్టారు. పెద్ద రాయిని ఒక అంగుళం ఎడమకి జరిపారు. వెనక్కి నడిచి సోఫాలో కూర్చుని చూశారు. లేచి మళ్ళీ కుడికి జరిపారు. సాయంత్రం భార్య బడినుంచి వచ్చి, "ఈ రాయి పొద్దున్న కూడా ఇక్కడే ఉందిగా?" అంది.

"చోటు అదే. పొద్దున్న దానికి అర్థం లేదు. ఇప్పుడుంది," అన్నారాయన గంభీరంగా.

మొక్కల్ని మట్టిలో ఒక్కొక్క కాడా గుచ్చడానికి అత్తగారు తన కనుబొమల పట్టకారు దానం చేశారు. మోడుకి నాచుని కట్టడానికి భార్య కుట్టుదారం పోయింది. అంతా అయ్యాక, ఇక మిగిలింది నీళ్ళు.

సూపరింటెండెంటు గారు ఏ సందేహమూ లేకుండా కుళాయి తిప్పి గొట్టం పెట్టారు. తొట్టి నిండింది. దుకాణదారు ఇచ్చిన చిన్న గాజుగొట్టంలో ఆ నీళ్ళు కొన్ని పోసి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగుని కార్డు మీద రంగులతో పోల్చి చూశారు. కార్డు మీద ఒక కొసన పసుపు, "మంచిది" అని. ఇంకో కొసన ముదురు ఎరుపు, "ప్రమాదం" అని. గాజుగొట్టంలో వచ్చిన రంగు కార్డు మీద లేదు. కార్డు అయిపోయాక ఇంకా ముందుకి వెళితే వచ్చే రంగు అది.

కార్డు పాడైపోయిందని ఆయన దుకాణానికి పట్టుకెళ్ళారు. దుకాణదారు గాజుగొట్టాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఈ నీళ్ళలో చేపలు బతకవు సార్."

"ఇవి నేను ధ్రువీకరించిన నీళ్ళయ్యా."

"మీరు మనుషులకి కదా సార్ ధ్రువీకరించింది. చేపలు సున్నితం."

ఈ వాదనలో తప్పేమీ సూపరింటెండెంటు గారికి కనబడలేదు. కానీ పన్ను కట్టే పౌరుడిగా ఆయనకి కోపం వచ్చింది. ఇంటికెళ్ళి, తెల్లకాగితం మీద నీటి సరఫరా కార్యాలయానికి ఘాటుగా ఫిర్యాదు రాసి పోస్టు చేశారు. అది మర్యాదగా ఆయన బల్ల మీదికే వచ్చింది. కార్యాలయంలో కూర్చుంటే ఆయన మనిషి వేరు. కవరు చింపి చదివి, "వీళ్ళకి పనీపాటా ఉండదు. చేపలకట, చేపలకి," అని విసుక్కుని, నీరు త్రాగుటకు అన్ని విధాలా యోగ్యమని ఎప్పటి జవాబే రాసి ముద్ర కొట్టించారు. ఆ జవాబు ఇంటికొచ్చింది. అది చదివాక ఆయన రక్తపోటు డాక్టరు గారి మిషన్‌కి కూడా అందలేదు.

అప్పీలు చేశారు. అప్పీలు కూడా ఆయనే విచారించి, నీటిని వాడబోయేది చేపలు గనక ఫిర్యాదు మీద చేపల సంతకం ఉండవలెననీ, ఫిర్యాదుదారుకి ఈ విషయంలో ఏ హక్కూ లేదనీ కొట్టేశారు.

"నువ్వే రాసి, నువ్వే కొట్టేశావా?" అని అత్తగారు అడిగారు.

"మావాళ్ళైతే ఏంటి, పరాయివాళ్ళైతే ఏంటి అత్తయ్యా? రూల్ రూలే," అన్నారాయన. ఆ క్షణంలో తన నిజాయితీకి తనకే కళ్ళు చెమర్చాయి.

చివరికి తొట్టిలోని నీళ్ళు పారబోసి, మంచినీళ్ళ క్యాన్లు కొని నింపారు. క్యాన్లు వరండాలో వరసగా నిలబడ్డాయి. ఇంట్లోవాళ్ళు ఎప్పట్లాగే కుళాయి నీళ్ళు తాగారు. ఒకరోజు అత్తగారు గ్లాసు పట్టుకుని క్యాను దగ్గర కాస్త తచ్చాడారు.

"అత్తయ్యా, అవి చేపలవి," అన్నారు అల్లుడుగారు.

"చేపలేవి నాయనా?"

చేపలు లేవు. నీళ్ళు ఇంకా పండాలి. ఫిల్టరులో కంటికి కనబడని మంచి క్రిములు పుట్టి పెరిగితేగాని చేపల్ని వదలకూడదని దుకాణదారు చెప్పాడు. "క్రిములే కావాలంటే మా కుళాయి నీళ్ళలో బోలెడున్నాయిగా?" అని ఈయన అడిగితే, "అవి వేరే పార్టీ సార్," అన్నాడట.

కాబట్టి వారాల తరబడి ఆ కుటుంబం ఖాళీ తొట్టిని చూసింది. చుట్టాలొచ్చి చూశారు. పక్కింటివాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, లేని చేపల్ని ఒక్కొక్కటిగా వేలుపెట్టి చూపించి, కాఫీ తాగి వెళ్ళారు. మొక్కల ఆకులు కరిగి జారిపోయాయి. అది మంచి లక్షణమే అన్నాడు దుకాణదారు. గాజుకి గోధుమరంగు పాచి పట్టింది. చాలా మంచి లక్షణం అన్నాడు. నీళ్ళు పాలల్లా తెల్లబడ్డాయి. ఇంతకంటే మంచి లక్షణం ఉండదన్నాడు. ఇతను మన శాఖలో ఉండవలసిన మనిషి అని సూపరింటెండెంటు గారు లోలోపల అనుకున్నారు. మొక్కల వెంట పిలవకుండా వచ్చిన నత్తలు రెండు మూడూ కాస్తా ఇరవై ముప్ఫై అయ్యాయి. అత్తగారికి నత్తలు నచ్చాయి. ఇంట్లో తనకంటే మెల్లగా నడిచేవాళ్ళు దొరికారని ఆవిడ సంతోషం.

వెలుతురు ఎక్కువైతే పాచి పెరుగుతుందని తెలిశాక కిటికీలకి నల్లటి తెరలు పడ్డాయి. హాల్లో దీపాలు రద్దయ్యాయి. ఇంట్లో వెలుగంటే తొట్టి మీద దీపమే. అది దానంతటదే వెలిగి దానంతటదే ఆరుతుంది. లెక్కల టీచరు పరీక్ష పేపర్లు తొట్టి పక్కన పీట వేసుకుని దిద్దేది. దీపం ఆరేలోపు ఎన్ని దిద్దితే అన్ని. ఆఖర్లో ఉన్న పిల్లలకి ఆ కంగారులో మార్కులు కాస్త ఉదారంగా పడ్డాయని బడిలో చెప్పుకున్నారు.

ఎట్టకేలకి చేపలు వచ్చాయి. ఎర్రచార ఉన్న సన్నటి చేపలు ఒక గుంపు, బూడిదరంగులో వెడల్పాటిది ఒకటి. ఈ వెడల్పాటిది ఏ పనీ చెయ్యదు. మోడుకింద కదలకుండా ఉండి, అప్పుడప్పుడు నోరు తెరిచి మూస్తుంది. అది బయటికి రాగానే మిగతావి పక్కకి తప్పుకుంటాయి. అత్తగారు దానికి చైర్మన్ అని పేరు పెట్టారు.

ఆ రోజుల్లో తొట్టి నిజంగానే అందంగా ఉండేది. కొత్త ఆకులు లేతాకుపచ్చగా విచ్చుకున్నాయి. ఆకుల మీద వాయువు బుడగలు ముత్యాల్లా నిలిచేవి. సూపరింటెండెంటు గారు కార్యాలయం నుంచి వస్తూనే బూట్లైనా విప్పకుండా దానిముందు కూర్చునేవారు. రక్తపోటు దిగింది. వారం వారం కొంత పాతనీరు తోడేసి, క్యానులోంచి కొత్తనీరు పోసేవారు. ఒకనాడు భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ దీపం ఆరేదాకా చేపల్నే చూశారు. పెళ్ళైన కొత్తలో తప్ప వాళ్ళు అలా కూర్చోలేదు.

ఆ మరుసటి ఆదివారం, మామూలుగానే నీళ్ళు మార్చి ఆయన చెయ్యి తుడుచుకుంటున్నారు. ఎర్రచారల చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. చైర్మన్ ఒక పక్కకి ఒరిగింది. ఆయన చేతిలో తువ్వాలు జారిపోయింది. పరుగున వరండాలోకి వెళ్ళి, ఇప్పుడు వాడిన క్యాను మూత తీసి వాసన చూశారు. తన కార్యాలయం వాసన.

"ఈ క్యానులో కుళాయి నీళ్ళు ఎవరు పోశారు?" అని అరిచారు.

"ముందు చేపల సంగతి చూడండి," అని భార్య చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా వీధి చివర దుకాణానికి పరిగెత్తి, రిక్షాలో కొత్త క్యాన్లు వేయించుకొచ్చింది. ఒకరు తోడుతూ, ఒకరు పోస్తూ మధ్యాహ్నమంతా చేశారు. అత్తగారు గాజుకి ముఖం ఆనించి, "లైన్లో ఉండండి, కాస్త లైన్లో ఉండండి," అని చేపల్ని బతిమాలుతూనే ఉన్నారు. నాలుగైదు పోయాయి. మిగతావి కిందికి దిగాయి. చైర్మన్ నిటారుగా అయి, ఏమీ జరగనట్టు నోరు తెరిచి మూసింది.

అప్పుడు అత్తగారు నెమ్మదిగా చెప్పారు. "నేనే నాయనా. రోజూ ఆ చివరి క్యానులోంచి ఓ గ్లాసు తాగి, వెలితి కనబడకూడదని తాగినన్ని కుళాయి నీళ్ళు పోశాను. అవి తాగితే నా కడుపునొప్పి తగ్గింది."

"మీకు కడుపునొప్పేంటి అత్తయ్యా? ఎప్పట్నుంచి?"

"మీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వేమో ఊరందరికీ నీళ్ళు బావున్నాయని రాస్తుంటివి. అల్లుణ్ణి నా నోటితో నేనే అబద్ధాలకోరుని చెయ్యనా?"

సూపరింటెండెంటు గారు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, గ్లాసుతో పట్టి, చాలా ఏళ్ళ తరవాత మొదటిసారి ఆ నీళ్ళ రుచి చూస్తూ తాగారు. తరవాత మిగిలినవి సింకులో పారబోశారు.

మర్నాడు నెలవారీ ప్రకటన సంతకానికి వచ్చింది. ఆయన కలం మూత తీశారు. మూత పెట్టారు, మళ్ళీ తీశారు. చివరికి, ఆ శాఖ చరిత్రలో ఎవరూ చెయ్యని సాహసం చేశారు. "అన్ని" కొట్టేసి "కొన్ని" అని రాశారు. నీరు త్రాగుటకు కొన్ని విధాలా యోగ్యము.

ప్రజలు గమనించలేదు. ఆ ప్రకటన చదివే అలవాటు ఎవరికీ లేదు. చీఫ్ ఇంజినీరు గారు మాత్రం గమనించి పిలిపించారు.

"ఏమయ్యా, కొన్ని విధాలంటే ఏంటి?"

"కాళ్ళు కడుక్కోవచ్చు సార్."

"ఎవరు పెట్టారు నీ బుర్రలో ఇది?"

"చేపలు సార్."

చేపల్ని విచారించడానికి ముగ్గురు సభ్యుల సంఘం ఇంటికి వచ్చింది. చీఫ్ ఇంజినీరు గారే దానికి అధ్యక్షులు. చేపలకి కుళాయి నీళ్ళు పడకపోవడానికి కారణం నీళ్ళు కాదనీ, చేపల పెంపకంలో క్రమశిక్షణ లోపించడమనీ సంఘం అక్కడికక్కడే తేల్చింది. లేవబోతూ చీఫ్ ఇంజినీరు గారు ఒకసారి తొట్టి వైపు చూశారు. మళ్ళీ కూర్చున్నారు. ఆకులు మెల్లగా ఊగుతున్నాయి. చైర్మన్ వచ్చి ఆయన ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. ఆయన కూడా తెరిచారు. ఇద్దరి మధ్యా ఏదో అవగాహన కుదిరింది.

"నీళ్ళు భలే తేటగా ఉన్నాయే. మనవేనా?"

"క్యాను నీళ్ళు సార్."

"అది మనకి తెలుసు," అన్నారు చీఫ్ ఇంజినీరు గారు ఆలోచనగా. "జనానికి తెలియదు కదా."

వారం తిరక్కుండా తొట్టి కార్యాలయం ముందుహాల్లోకి మారింది. సూపరింటెండెంటు గారికి జలచర సంక్షేమాధికారి అని కొత్త హోదా వచ్చింది. వద్దందామనుకున్నారు. కానీ తొట్టికని మంజూరైన క్యాన్లలో ఒకటి రోజూ అత్తగారికి పంపుకోవచ్చనీ, అది "ఆవిరైపోయింది" అని రాసుకుంటే చాలనీ చీఫ్ ఇంజినీరు గారు సెలవిచ్చారు. ఇంత దయ చూపాక కాదంటే బావుండదు. పోరాడి ఒకరికైనా మంచినీళ్ళు సాధించానని ఆయన తృప్తిపడ్డారు.

ప్రారంభోత్సవ సభలో చీఫ్ ఇంజినీరు గారి ఉపన్యాసం ఇలా సాగింది: "సోదర సోదరీమణులారా. నీరు చెడ్డదైతే చేప బతుకుతుందా? బతకదు. ఈ చేప బతికి ఉంది. మీ ఎదుటే ఉంది. కావున నీరు మంచిది. ఇంతకు మించిన శాస్త్రీయ రుజువు ప్రపంచంలో ఏ పట్టణమైనా చూపించగలదా? చేపకి లేని అనుమానం మనకెందుకు?" చప్పట్లు మోగాయి. జనం వరసకట్టి చేపల్ని చూశారు, ఫోటోలు దిగారు. నీళ్ళ సీసాలతో ఫిర్యాదుకి వచ్చినవాళ్ళు కూడా సీసా కింద పెట్టి ఫోటో దిగి, సీసా మరిచిపోయి వెళ్ళారు. జలచర సంక్షేమాధికారి గారు "దస్త్రాలు" అని రాసి ఉన్న అట్టపెట్టెల్లో వెనక గుమ్మంలోంచి క్యాన్లు మోయించారు. ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయాయి.

నీళ్ళు మార్చే రోజు వచ్చింది. ఆయన రబ్బరు గొట్టంతో పాతనీరు తోడి బయట కాలవలోకి వదులుతుంటే, దారినపోయే ఒకావిడ ఆగి, చేతిలో ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గొట్టం కింద పెట్టింది. "మొక్కలకి పోసుకుంటాను," అంది. వెలుతురుకి ఎత్తి చూసింది. నీళ్ళలోంచి కాలవ అవతలి గట్టు కనబడింది. ఆవిడ కాస్త తటపటాయించి ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తరవాత ఇంటికి కాదు, వాళ్ళ అక్కగారింటికి పరిగెత్తింది.

పైవారం గేటు దగ్గర వంద డబ్బాలున్నాయి. ఆ పైవారం వరస మలుపు తిరిగింది. తోపులాట జరగకుండా తాడు కట్టించారు. ముసలివాళ్ళకి వేరే వరస పెట్టారు. పట్టణ ప్రముఖులు ఏకగ్రీవంగా ఒక విన్నపం తీసుకొచ్చారు: తొట్టి చిన్నదైపోయింది, పెద్దది కట్టించాలి; చేపల సంఖ్య పెంచి, నీళ్ళు వారానికి రెండుసార్లు మార్చాలి. ప్రజాభిప్రాయానికి తలవంచడమే తన ధర్మమని చీఫ్ ఇంజినీరు గారు ప్రకటించగానే, ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఒక శనివారం ఆ వరసలో లెక్కల టీచరు నిలబడింది. ఎండలో తన వంతు వచ్చేదాకా అలాగే నిలబడి, గొట్టం పట్టుకున్న భర్త ఎదురుగా వచ్చాక వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, తరగతి గదిలో అడిగినట్టు అడిగింది.

"ఇవి చేపలు వాడి పారేసిన నీళ్ళు. ఇవే మన కుళాయి నీళ్ళకంటే బావున్నాయంటే, మన కుళాయిలోకి ఏం వస్తోందో మనలో ఎవరైనా అడిగామా?"

వరసలో డబ్బాల చప్పుడు ఆగింది. జలచర సంక్షేమాధికారి గారు చేతిలో గొట్టం సంగతి మరిచిపోయారు. ఇప్పుడు ఒక్కరు, ఎవరో ఒక్కరు అవునంటే, తను కూడా క్యాన్ల సంగతి చెప్పేద్దామనుకున్నారు. నోరు తెరిచారు కూడా. నీళ్ళు గొట్టంలోంచి ఆయన బూట్ల మీద పడుతున్నాయి.

వరస మధ్యలోంచి ఎవరిదో గొంతు లేచింది.

"అమ్మా, మీ డబ్బా ఏదీ? డబ్బా లేకపోతే పక్కకి జరగండి. వెనక చాలామందిమి ఉన్నాం, నీళ్ళు వృథా అవుతున్నాయి."

అవును, అవునన్నారు అందరూ. టీచరుగారిని మర్యాదగానే పక్కకి జరిపారు. ఆయన నోరు మూసుకుని, గొట్టం తరవాతి డబ్బాలో పెట్టారు.

ఆ మాట అన్నదెవరో ఆయనకి తలల మధ్య కనబడలేదు. గొంతు మాత్రం ఎక్కడో బాగా విన్నట్టే ఉంది. మీకూ అలాగే అనిపిస్తుంటే, కంగారు పడకండి. డబ్బా కాస్త నిటారుగా పట్టుకోండి, ఒలికిపోతోంది.